పాత జపాన్ వాచీకి అసలు చైను: గుర్తింపు, అన్వేషణ, నిర్ణయం

ఈ పాఠం చదివిన తరువాత మీరు ఒక పాత జపాన్ చేతి గడియారం వెనక మూత మీది అంకెలను చదవగలుగుతారు. దానికి ఏ లోహపు పట్టీ సరిపోతుందో కొలిచి చెప్పగలుగుతారు. బజారులో దొరికిన చైను అసలుదా, తరువాత అతికించినదా అని పరిశీలించగలుగుతారు. అసలు చైను దొరికినా దొరకకపోయినా ఏం చేయాలో కారణం చూపి నిర్ణయించగలుగుతారు.

1. పరిచయం

గత పాఠాలలో తాళపత్రాలు, బిద్రీ పాత్రలు, చేనేత వస్త్రాల పరిరక్షణ గురించి చదివారు. అవి మ్యూజియంలో కనిపించే వస్తువులు. ఈ పాఠంలోని వస్తువు మీ ఇంట్లోనే ఉండవచ్చు. రామగిరి మండలంలోని సెంటినరీ కాలనీలోనో, గోదావరిఖనిలోనో పదవీ విరమణ చేసిన ఒక సింగరేణి కార్మికుని ఇంటి బీరువా తెరిచి చూడండి. పాస్‌బుక్కుల కింద, చేతిరుమాలులో చుట్టి, ఒక సీకో వాచీయో సిటిజన్ వాచీయో కనిపించే అవకాశం చాలా ఉంది. అడిగితే "చైను తెగింది, అట్లనే ఉంచినం" అంటారు. గమనించండి, వాచీ చెడిపోయిందని అనరు. చాలాసార్లు నాలుగుసార్లు ఊపితే ముల్లు కదులుతుంది కూడా. చేతికి కట్టుకునే వీలు లేకపోవడం వల్లనే అది బీరువా చేరింది.

మన ప్రాంతంలో లోహపు పట్టీని 'చైను' అనీ, తోలు పట్టీని 'బెల్టు' అనీ అంటారు. ఈ పాఠంలో ఆ మాటలనే వాడుతున్నాను.

2. జపాన్ వాచీ మన ఊరికి వచ్చిన దారులు

జపాన్ గడియారాల పరిశ్రమకు రెండు పెద్ద పేర్లు ఉన్నాయి. కింతారో హత్తోరి 1881లో టోక్యోలో తెరిచిన దుకాణం నుంచి సీకో పెరిగింది. ఆ పేరుతో గడియారాలు 1924 నుంచి వచ్చాయి. సిటిజన్ సంస్థ 1930లో ఆ పేరుతో ఏర్పడింది. మనకు ఈ రెండూ మూడు దారులలో చేరాయి.

మొదటి దారి ప్రభుత్వ రంగం. హెచ్‌ఎంటీ 1961లో సిటిజన్ సంస్థ సహకారంతో బెంగళూరులో వాచీల కర్మాగారం నెలకొల్పింది. జనతా, పైలట్, సోనా వంటి పేర్లు మీ ఇంటి పెద్దలకు కంఠతా వచ్చి ఉంటాయి. పేరు మనది, లోపలి యంత్రపు వంశం సిటిజన్‌ది. హెచ్‌ఎంటీ వాచీల సంస్థను మూసివేయడానికి కేంద్ర మంత్రివర్గం 2016 జనవరిలో ఆమోదం తెలిపింది. రెండవ దారి మన రాజధానిలోనే ఉంది. హైదరాబాద్ ఆల్విన్ సంస్థ సీకో సాంకేతిక సహకారంతో 1980లలో చేతి గడియారాలు తయారు చేసింది. ఈనాడు మియాపూర్ దగ్గర ఆల్విన్ చౌరస్తాలో బస్సు దిగేవారిలో ఎందరికి ఆ పేరు వెనక గడియారాలు కూడా ఉన్నాయని తెలుసు?

మూడవ దారి గల్ఫ్. 1970ల నుంచి కరీంనగర్, నిజామాబాద్ జిల్లాల పల్లెలవారు ఎడారి దేశాలకు పనికి వెళ్లారు. తిరిగి వచ్చేటప్పుడు టేప్ రికార్డరు, సెంటు సీసా, దుప్పటితోపాటు బావకో తమ్మునికో ఒక సీకో 5 తెచ్చేవారు. బాయి మీద మూడు షిఫ్టుల పని చేసే మనిషికి దానంత పనికొచ్చే బహుమతి మరొకటి లేదు. కీ ఇవ్వనక్కరలేదు, బ్యాటరీ లేదు, చెమటకు చీకిపోయే బెల్టు లేదు. మన బొగ్గు ప్రాంతంలో చైనుతో ఉన్న జపాన్ వాచీలు ఎక్కువగా ఈ మూడవ దారిలో వచ్చినవే. జనతా వంటి కీ వాచీలు ఎక్కువగా తోలు బెల్టుతోనే అమ్ముడయ్యాయి. కనుక జనతా వాచీకి 'కంపెనీ చైను' అని ఎవరైనా చూపిస్తే మొదట అనుమానించండి.

3. చైను వాచీలో భాగమా, అలంకారమా?

సీకో 5 పేరులోని అయిదు అంకెకు అర్థం ఉంది. 1963లో మొదలైన ఈ వాచీ కొన్నవానికి అయిదు సుగుణాలు హామీ ఇచ్చింది. తనంత తానే కీ ఎక్కడం, వారము తేదీ ఒకే కిటికీలో కనిపించడం, నీటిని తట్టుకోవడం, కీ బుడిపె నాలుగు గంటల స్థానంలో లోపలికి ఒదిగి ఉండడం, ఇవి నాలుగు. అయిదవది గట్టి కేసు, గట్టి చైను. అంటే తయారుచేసినవారే చైనును అలంకారంగా కాక వాచీ గుణాలలో ఒకటిగా లెక్కించారు. చైను పోయిన సీకో 5లో అయిదు గుణాలలో ఒకటి సగం తగ్గిందనుకోవచ్చు.

ఇందులో ఒక సాంకేతిక కారణం కూడా ఉంది. కేసుకు రెండు వైపులా, చైను తగిలించడానికి ముందుకు పొడుచుకు వచ్చిన కొమ్ములుంటాయి. వాటిని లగ్గులంటారు. ఆ కొమ్ముల మధ్య కేసు అంచు గుండ్రంగానో, నిటారుగానో, వాలుగానో ఉంటుంది. చైను చివరి ముక్క సరిగ్గా ఆ వంపుకు తగినట్టు వంచి ఉంటుంది. ఆ ముక్క ఒక కేసు కోసమే పుడుతుంది. మిగతా లింకులు ఏ వాచీకైనా పనికిరావచ్చు. చివరి ముక్క మాత్రం పనికిరాదు. కాబట్టి మీరు అసలు చైను కోసం వెదుకుతున్నామంటే నిజానికి ఎక్కువగా వెదికేది ఆ రెండు చివరి ముక్కలనే.

4. చైను ఎందుకు పోతుంది?

పాత సీకో, సిటిజన్ చైనులలో చాలా భాగం గట్టి ఉక్కు దిమ్మెలు కావు. పలుచని స్టెయిన్‌లెస్ రేకును తమలపాకు చిలక చుట్టినట్టు మడిచి లింకు చేసేవారు. లోపల బోలు. అందుకే అవి తేలికగా ఉంటాయి, చేతిలో గలగలమంటాయి. ఈ గలగలను చూసి నకిలీ అనుకునేవారున్నారు. అది పొరపాటు. 1970ల నాటి అసలు చైను తేలికగానే ఉంటుంది. బరువైన కొత్త చైనే ఆ కాలానిది కాదు.

'చైను సాగిపోయింది' అని మనం అంటాం. ఉక్కు సాగలేదు. లింకును లింకుకు కలిపే పిన్ను సన్నబడింది, పిన్ను తిరిగే మడత వెడల్పయింది. ఒక్కో కీలు దగ్గర 0.2 మిల్లీమీటర్ల అరుగుదల ఉంటే కంటికి కనిపించదు. కాని 20 కీళ్ళున్న చైనులో అది 4 మిల్లీమీటర్లవుతుంది. అప్పటికి వాచీ ముంజేతి మీద జారుతుంది, ఎముకకు తగులుతుంది. మనిషి చిరాకుపడి షాపుకు వెళ్తాడు.

బొగ్గు ప్రాంతంలో ఈ అరుగుదల మరింత వేగంగా జరగడానికి కారణం బొగ్గు కాదు. బొగ్గు మెత్తనిది. గోదావరి లోయలో బొగ్గు పొరల పైనా కిందా ఇసుకరాయి ఉంటుంది. తవ్విన ఖాళీలను నింపడానికి భూగర్భ గనులలో ఇసుకను నీటితో పంపే పద్ధతి సింగరేణిలో చాలాకాలం నడిచింది. ఇసుకలోని క్వార్ట్జ్ గట్టిదనపు కొలమానంలో 7 దగ్గర ఉంటుంది. స్టెయిన్‌లెస్ ఉక్కు అంతకంటె తక్కువ. సన్నని ఇసుక పొడి చెమటతో కలిసి కీలులో చేరితే అది ఆకురాయి పేస్టులా పనిచేస్తుంది. చేయి కదిలిన ప్రతిసారీ కొంత ఉక్కును తీసుకుపోతుంది. చెమటలోని ఉప్పు మడతల లోపల నిలిచి చిన్న చిన్న గుంటలు చేస్తుంది. కాబట్టి ఒక చైను అరుగుదలను చూసి దాన్ని కట్టుకున్న మనిషి ఏ పని చేశాడో కొంతవరకు ఊహించవచ్చు. ఆఫీసులో పనిచేసినవారి చైను పైభాగం గీతలు పడుతుంది, ఎందుకంటే అది బల్లకు రాసుకుంటుంది. గనిలో పనిచేసినవారి చైను లోపలి నుంచి అరుగుతుంది.

పరీక్ష సులభం. వాచీని పక్కకు తిప్పి, పన్నెండు గంటల వైపు చైను గాలిలో అడ్డంగా ఉండేలా పట్టుకోండి. కొత్త చైను దాదాపు నిటారుగా నిలుస్తుంది. అరిగినది ధనుస్సులా వంగి కిందికి వేలాడుతుంది.

5. అంకెలు చదవడం

వాచీని బోర్లా తిప్పండి. సీకో అయితే వెనక మూత మీద రెండు నంబర్లుంటాయి. మొదటిది 6309-7040 వంటి ఎనిమిది అంకెల సంఖ్య. మధ్యలో చిన్న గీత ఉంటుంది. గీతకు ముందున్న నాలుగంకెలు లోపలి యంత్రం సంఖ్య, తరువాతి నాలుగు కేసు సంఖ్య. చైను వెదికేవానికి కావలసింది రెండవ భాగమే. ఒకే 7009 యంత్రాన్ని ఎన్నో రకాల కేసుల్లో అమర్చారు. '7009 చైను ఉందా?' అని అడిగితే దుకాణదారు దగ్గర సరైన జవాబు ఉండదు. కొన్నింటిలో చివరి స్థానంలో అంకెకు బదులు అక్షరముంటుంది, 876ఏ అన్నట్టు. కంగారుపడకండి, అదీ కేసు సంఖ్యే.

ఈ కేసు సంఖ్యలో చివరి అంకె తరచుగా చిన్న తేడాను మాత్రమే చెబుతుంది. ఏ దేశపు బజారుకు పంపారు, ఏ పూత వేశారు వంటివి. 1969లో వచ్చిన 6139 స్టాప్‌వాచీ రకంలో 6000, 6002, 6005 ఒకే ఆకారపు కేసులు. అందులో 6005 రకాన్ని 1973-74లో స్కైలాబ్ మీద విలియం పోగ్ అనే వ్యోమగామి ధరించాడు. కనుక ఇప్పుడు వాటి చైనులకు ప్రపంచమంతటా గిరాకీ. మీకు ఉపయోగపడే సూత్రం ఏమిటంటే, మీ నంబరు దొరకకపోతే చివరి అంకె మార్చి వెదకండి. అన్నదమ్ముల చైను సరిపోయే అవకాశముంది.

రెండవ సంఖ్య వరుస సంఖ్య. ఇందులో మొదటి అంకె సంవత్సరపు చివరి అంకె. రెండవది నెల. జనవరి నుంచి సెప్టెంబరు వరకు 1 నుంచి 9. అక్టోబరుకు సున్నా, నవంబరుకు 'ఎన్', డిసెంబరుకు 'డి'. మొదటి రెండు అంకెలు 29 అయితే రెండుతో ముగిసే సంవత్సరం, సెప్టెంబరు నెల. 1972నా, 1982నా? దానికి యంత్రం వయసు తెలియాలి. 6309-7040 ఈతగాళ్ళ వాచీ 1976 నుంచి 1988 వరకు తయారైంది, కనుక మన జవాబు 1982 సెప్టెంబరు. అదే వాచీ మీద మొదటి అంకె 7 ఉంటే ఒక్క సంఖ్యతో తేలదు. 1977, 1987 రెండూ సాధ్యమే. అప్పుడు డయల్, లాకు, ఇంట్లో దొరికే పెళ్ళి ఫొటోలు సాక్ష్యమివ్వాలి. సిటిజన్ వాచీలలో వరుస సంఖ్య మొదటి అంకె సంవత్సరం, తరువాతి రెండంకెలు నెల.

విద్యార్థులు ఇక్కడ తరచుగా చేసే తప్పు ఒకటి చెప్పాలి. డయల్ అడుగున, ఆరు గంటల గుర్తుకు ఇరువైపులా, భూతద్దంతో మాత్రమే కనిపించే చిన్న అక్షరాలలో మరొక సంఖ్య ఉంటుంది. అది డయల్ సంఖ్య. దాని మొదటి నాలుగంకెలు వెనక మూత మీది యంత్రం సంఖ్యతో కలవాలి. తరువాతివి కలవనక్కరలేదు. ఈ తేడా తెలియక అసలు వాచీని నకిలీ అని తేల్చినవారిని చూశాను. యంత్రం సంఖ్యలే కలవకపోతే మాత్రం ఆ డయలో మూతో వేరే వాచీది.

స్వయం సమీక్ష: మీకు దొరికిన సీకో మూత మీద 6309-7040 అని ఉంది. ఇంటివారు 'దీని అసలు స్టీలు చైను పోయింది' అంటున్నారు. మీరు చైను వెదకడం మొదలుపెడతారా? (సూచన: ఈ వాచీ సాధారణంగా నల్లని రబ్బరు పట్టీతో అమ్ముడైంది. లేని చైనును వెదకడం కంటె ముందు 'ఇది దేనితో పుట్టింది?' అని తెలుసుకోవడం అవసరం.)

6. చైను చేతికి వచ్చాక

నంబరు తెలిసింది, ఎక్కడో ఒక చైను దొరికింది. ఇప్పుడు కొలవాలి. స్కూలు స్కేలు చాలదు, వెర్నియర్ కాలిపర్సు కావాలి. మీ ఇంట్లోనో పక్కింట్లోనో సింగరేణి వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసినవారుంటే వారిని కూర్చోబెట్టుకోండి. ఈ పాఠం రాసినవానికంటె వారు బాగా కొలుస్తారు.

కొమ్ముల మధ్య దూరం మొదటి కొలత. 18, 20, 22 మిల్లీమీటర్లు మామూలు. సీకోకు 19 మిల్లీమీటర్ల మీద ఒక ప్రత్యేకమైన ఇష్టం ఉండేది. 19 కొమ్ముల్లో 18 చైను పెడితే అటూ ఇటూ కదులుతుంది. చాలా షాపుల్లో అదే పెట్టి పంపుతారు, ఎందుకంటే 18 ఎప్పుడూ దొరుకుతుంది. తరువాత స్ప్రింగు పిన్ను. మామూలు పిన్ను మందం 1.8 మిల్లీమీటర్లు ఉంటే, సీకో ఈతగాళ్ళ వాచీలలో 2.5 మిల్లీమీటర్ల లావు పిన్ను వాడారు. సన్న పిన్ను పెడితే చైను పట్టినట్టే ఉంటుంది, ఒకరోజు నీళ్ళ బకెట్టులో పడుతుంది.

చివరి ముక్క కేసును ఆనుకునే చోట వెలుతురుకు పట్టి చూడండి. సన్నని వెంట్రుక లాంటి సమానమైన గీత కనిపిస్తే మంచి లక్షణం. ఒక మూల అంటుకుని మరో మూల తెరుచుకుంటే ఆ ముక్క మరొక కేసుది. ముక్క లోపలివైపు, చర్మానికి తగిలే చోట, అచ్చు వేసిన అక్షరాలు, అంకెలు ఉంటాయి. ఆ సంకేతమే అసలు ఆధారం. దానిని మట్టి తీసి చదివి రాసుకోండి. వాచీ ఫొటోతోపాటు ఆ సంకేతం ఫొటో కూడా లేకుండా దూరప్రాంతం నుంచి చైను కొనవద్దు.

లాకు లోపల సీకో పేరు, స్టెయిన్‌లెస్ అన్న మాట, ఒక్కోసారి దేశం పేరు ఉంటాయి. 'హాంకాంగ్' అని కనిపిస్తే చాలామంది పక్కన పడేస్తారు. తొందరపడవద్దు. హాంకాంగ్‌లోని స్టెలక్స్ సంస్థ సీకోకు చైనులు తయారుచేసింది. ఆ పేరున్న చైను అసలుదే కావచ్చు. దీనికి విరుద్ధంగా, పైన మెరిసే సీకో గుర్తు ఉండి లోపల ఏ అచ్చూ లేని లాకును నమ్మరాదు. లాకు ఒక్కటే అసలుది, లింకులు వేరేవి కావడం మరీ సాధారణం. అందుకని ప్రతి ముక్కనూ విడివిడిగా చూడాలి.

7. ఎక్కడ వెదకాలి?

మొదట ఇంట్లో వెదకండి. చైను పొడవు తగ్గించినప్పుడు తీసిన లింకులను మన పెద్దలు పారేయరు. కుట్టుమిషను సొరుగులోనో, పాత పౌడరు డబ్బాలోనో, దేవుని గూట్లోనో రెండు మూడు దొరుకుతాయి. ఆ రెండు లింకులు ఉంటే అసలు చైను డిజైను ఏమిటో మీకు ఖచ్చితంగా తెలిసినట్టే. పాత ఫొటోలు కూడా సాక్ష్యాలే. పెళ్ళిలో, యూనియన్ సభలో, తిరుపతి మెట్ల దగ్గర చేయి కనిపించే ఫొటోను పెద్దది చేసి చూడండి.

తరువాత పాత రిపేరు షాపులు. గోదావరిఖనిలో, మంచిర్యాలలో, కరీంనగర్‌లో తండ్రి తరం నుంచి నడుస్తున్న షాపులు ఉన్నాయి. అక్కడ కొత్త చైను వేసినప్పుడు తీసేసిన పాతదాన్ని కొనుగోలుదారు తీసుకుపోకపోతే సొరుగులో పడేసేవారు. ఆ సొరుగు మనకు ఒక పురావస్తు తవ్వకం లాంటిది. వెళ్ళేటప్పుడు నంబరు రాసిన కాగితం, కొలతలు తీసుకుపోండి. బేరం మొదలుపెట్టకముందే వాచీ ఎవరిది, ఎందుకు కావాలో చెప్పండి. ముప్పై ఏళ్ళు ఎవరూ అడగని డబ్బాను మనకోసం దించడానికి వారికి ఒక కారణం కావాలి కదా.

హైదరాబాదులో గురువారం జరిగే జుమ్మేరాత్ బజారులో, ఎర్రగడ్డ ఆదివారపు సంతలో పాత సామాన్ల మధ్య నడవని వాచీలు కనిపిస్తాయి. నడవని వాచీని తీసిపారేయవద్దు. డయల్ పాడై, యంత్రం తుప్పుపట్టి, చైను మాత్రం బాగున్న వాచీ మీకు దాత. విడి చైను కంటె అటువంటి వాచీ చవకగా దొరకడం వింతేమీ కాదు. అయితే దాతను ఎంచుకునేటప్పుడు ఒక మాట. నడుస్తున్న, అన్ని భాగాలు అసలువైన మరొక వాచీని చైను కోసం విప్పకండి. ఒకదాన్ని బాగుచేయడానికి మరొకదాన్ని అనాథను చేయడం పరిరక్షణ కాదు.

ఇంటర్నెట్ అమ్మకాలలో జాగ్రత్త చాలా అవసరం. పాత సీకో, సిటిజన్, హెచ్‌ఎంటీ వాచీల డయళ్ళకు కొత్త రంగులు పూసి, దొరికిన ముళ్ళు, దొరికిన చైను తగిలించి మన దేశం నుంచి పెద్దఎత్తున అమ్ముతున్నారు. విదేశీ సేకర్తలు వీటికి 'ముంబయి స్పెషల్' అని పేరు పెట్టారు. నారింజ, చిలకాకుపచ్చ డయల్, వంకరగా అచ్చయిన అక్షరాలు, కొత్తగా తళతళలాడే చైను కలిసి కనిపిస్తే దాటిపోండి. నలభై ఏళ్ళ వాచీకి నిన్నటి మెరుపు ఎలా వస్తుంది?

8. 'అసలు' అన్నమాటకు రెండు అర్థాలు

ఇక్కడ నా అనుభవం ఒకటి చెప్పక తప్పదు. మా అన్నయ్య గనిలో పనిచేసేవాడు. మా బావ గల్ఫ్ నుంచి తెచ్చిన సీకో 5 ఆయన చేతికి ఇరవై ఏళ్ళకు పైగా ఉంది. అసలు చైను పదేళ్ళలోపే తెగింది. బజారులో ఒక షాపువారు వేరే చైను వేసి, తెగినదాన్ని తిరిగి ఇవ్వలేదు. ఆయనా అడగలేదు. ఆయన పోయాక వాచీ నాకు వచ్చింది. అప్పటికి నాకు ఈ విద్య కొంత తెలుసు. ఆ బజారు చైను చూడగానే 'ఇది దీనిది కాదు' అనిపించింది. ఏడాదిన్నర వెదికి ఒక దాత వాచీ నుంచి సరైన చైను సంపాదించాను. కేసుకు అతికినట్టు సరిపోయింది. ఆ సంతోషంలో బజారు చైనును ఎవరికో ఇచ్చేశాను.

తరువాత మా వదిన వాచీ చూసి, మెచ్చుకుని, "ఆయన చైను ఏది?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. దాత నుంచి వచ్చిన చైను టోక్యో లెక్క ప్రకారం అసలుది. మా అన్నయ్య మణికట్టుకు కొలిచి లింకులు తీసినది, ఆయన చెమటకు లోపలి నుంచి అరిగినది మాత్రం నేను ఇచ్చేసిన చైను.

పరిరక్షణ శాస్త్రం ఈ ప్రశ్నను కట్టడాల విషయంలో ఎప్పుడో ఎదుర్కొంది. 1964 నాటి వెనిస్ పత్రం ప్రకారం ఒక కట్టడానికి వివిధ కాలాలలో చేరిన విలువైన చేర్పులను గౌరవించాలి. పోయిన భాగం స్థానంలో కొత్తది పెడితే అది మొత్తంతో కలిసిపోవాలి, కాని పరిశీలించేవారికి వేరుగా తెలియాలి. 1994లో జపాన్‌లోనే నారా నగరంలో వెలువడిన పత్రం మరొక అడుగు ముందుకు వేసింది. 'అసలుతనం' అన్నదాన్ని ఒకే కొలబద్దతో కాక ఆ వస్తువు ఏ సంస్కృతిలో బతికిందో దాన్నిబట్టి నిర్ణయించాలని అది చెబుతుంది. మన రామగిరి ఖిల్లాను చూడండి. పలు రాజవంశాల చేతులు మారింది. మొదట కట్టినవారి రాళ్ళే అసలువని మిగతా గోడలు పడగొడతామా?

ఈ సూత్రాలు కట్టడాల కోసం రాసినవి, వాచీకి యథాతథంగా వర్తించవు. కాని ఆలోచించే పద్ధతి పనికొస్తుంది. నా అభిప్రాయం ఇది. వాచీని అమ్మకానికో ప్రదర్శనకో సిద్ధం చేస్తుంటే, లేదా దాని సొంతదారు ఎవరో తెలియకపోతే, కర్మాగారం నుంచి వచ్చినప్పటి చైనును వెదకడం సబబు. అది ఒక తెలిసిన మనిషి వాచీ అయితే, ఆ మనిషి కట్టుకున్న చైను ఏదైనా సరే, మొదటి హక్కు దానిదే. రెండూ ఉంటే రెండూ ఉంచండి. ఒకటి వాచీకి, ఒకటి చీటీ రాసిన సంచిలో. ఏదీ దొరకకపోతే సాదా తోలు బెల్టు కట్టండి. అది ఎవరినీ మోసం చేయదు. కొత్తగా అచ్చుపోసిన నకలు చైనులు ఇప్పుడు వస్తున్నాయి. వాటిలో మంచివీ ఉన్నాయి. కట్టుకోవడానికి అభ్యంతరం లేదు, అయితే కొన్న తేదీతో సహా రాసి ఉంచాలి. అమ్మేటప్పుడు ఆ కాగితం వాచీతోపాటు వెళ్ళాలి.

9. శుభ్రం చేయడం, బాగుచేయడం

దొరికిన చైనును ముందుగా వాచీ నుంచి వేరుచేయండి. ఈ ఒక్క జాగ్రత్త మరిచి యంత్రంలోకి నీళ్ళు పోనిచ్చినవారు ఎందరో. గోరువెచ్చని నీళ్ళు, కొద్దిగా సబ్బు, మెత్తని పళ్ళబ్రష్షు చాలు. ఒక గంట నాననిచ్చి మడతలవెంట తోమి, మంచినీళ్ళతో కడిగి, పూర్తిగా ఆరనివ్వండి. నల్లని నీరు వస్తుంది. ఆశ్చర్యపోనక్కరలేదు. చింతపండు, నిమ్మ, బాత్రూము యాసిడ్ వాడవద్దు. ముఖ్యంగా బంగారు పూత ఉన్న చైనుకు ఇవి శత్రువులు.

పాలిష్ చక్రం పెట్టించకండి. షాపులో 'కొత్తలాగ చేసిస్తా' అంటారు. గీతలు పోతాయి, వాటితోపాటు లింకుల అంచులు, సన్నని బ్రష్ గీతల ముగింపు, కొన్నిసార్లు లాకు మీది అక్షరాలు కూడా పోతాయి. పోయిన లోహాన్ని తిరిగి తెచ్చే విద్య లేదు. వదులైన మడతలను నేర్పుగల పనివాడు మెల్లగా నొక్కి బిగించగలడు, అరిగిన పిన్నులను మార్చగలడు. పూర్తిగా కొత్త బిగువు ఆశించవద్దు. సగం బిగువు వచ్చినా చేతికి కట్టుకోవచ్చు.

చేసిన ప్రతి పనినీ రాయండి. ఏ పిన్ను మార్చారు, ఎన్ని లింకులు తీశారు, ఎవరు చేశారు, ఏ తేదీన. తీసిన ప్రతి ముక్క, విరిగినదైనా సరే, చీటీతో దాచండి.

అభ్యాసం

మీ ఇంట్లోగాని బంధువుల ఇంట్లోగాని ఉన్న ఒక పాత జపాన్ వాచీని, లేదా హెచ్‌ఎంటీ, ఆల్విన్ వాచీని ఎంచుకోండి. మూత మీది సంఖ్యలు, డయల్ సంఖ్య, కొమ్ముల మధ్య దూరం, చివరి ముక్క లోపలి సంకేతం, లాకు లోపలి అచ్చు, చైనులో ఉన్న లింకుల సంఖ్య నమోదు చేయండి. వాచీ వయసు లెక్కించి, లెక్క ఎలా చేశారో చూపండి. ఆ తరువాత దాన్ని కట్టుకున్నవారితోగాని, వారిని ఎరిగినవారితోగాని మాట్లాడి, చైను ఎప్పుడెప్పుడు, ఎందుకు మారిందో రెండు పుటలలో రాయండి. వాచీని విప్పవద్దు, శుభ్రం చేయవద్దు. ఫొటోలు శుభ్రం చేయకముందువే కావాలి.